పాత మియాటాకు పరీక్ష అక్కర్లేదన్న మాట నిజం కాదు

మాజ్దా 1989లో షికాగో ఆటో షోలో తొలిసారి ప్రదర్శించిన ఎంఎక్స్-5, అంటే అమెరికాలో మియాటాగా పేరుపడిన, మడత కప్పు ఉన్న చిన్న స్పోర్ట్స్ కారు గురించి ఒక మాట విస్తృతంగా ప్రచారంలో ఉంది. తొలి తరం మియాటా చెడిపోయే బండి కాదనీ, పైకి తుప్పు కనిపించకపోతే లోపలా లేనట్టేననీ, ఇంజను వాల్వులు, పిస్టన్ల కదలికను జతపరిచే టైమింగ్ బెల్ట్ తెగినా ఇంజనుకు నష్టం లేదనీ, తక్కువ తిరిగిన బండిని నిశ్చింతగా కొనవచ్చనీ దాని సారాంశం. ఈ కారుకున్న మంచి పేరు న్యాయమైనదే. అయితే ఈ సలహా మాత్రం సరిగ్గా చూడవలసిన చోట్ల నుంచే మన చూపును తప్పిస్తోంది.

మొదటిది తుప్పు. మడత కప్పు మీద పడిన వాన నీరు సీట్ల వెనుక ఉన్న రెండు గొట్టాల ద్వారా కిందికి దిగి, వెనుక చక్రాలకు కాస్త ముందు బయటికి పోతుంది. ఆకులు, మట్టి చేరి ఆ దారి మూసుకుపోతే నీరు తలుపు కింద పొడవునా ఉండే సిల్ అనే భాగంలోనే నిలిచి, రేకును లోపలి నుంచి తినేస్తుంది. పైపెయింటు మీద చిన్న బుడగ కనిపించే సమయానికి లోపలి పొరలు చాలావరకు పోయి ఉండవచ్చు. శీతకాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే బ్రిటన్‌లో ఈ నష్టం మరింత వేగంగా జరుగుతుంది. అందుకే కొనేముందు కప్పు అంచున కొద్దికొద్దిగా నీళ్లు పోసి, అవి రెండు వైపులా ధారాళంగా కిందికి దిగుతున్నాయో లేదో చూడాలి. సీటు వెనుక కార్పెట్ తడిగా ఉందేమో తడిమి చూడాలి. సిల్ వెనుక చివరను వేలితో గట్టిగా నొక్కాలి. గొట్టాన్ని శుభ్రం చేయడానికి మెత్తని ప్లాస్టిక్ తీగ చాలు, మొనదేలిన ఇనుప తీగ దాన్ని చీల్చేస్తుంది.

మరమ్మతు విషయంలోనూ మోసపోయే అవకాశం ఉంది. సిల్ అనేది ఒకే రేకు కాదు, పొరలుగా కట్టిన పెట్టె. తుప్పు మీద పుట్టీ పూసి, నల్లటి పూత కొట్టి అమ్మే బండ్లను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది, ఎందుకంటే ఆ భాగం గట్టి కప్పులేని కారుకు వెన్నెముక వంటిది. కుళ్లిన మేరకు కోసి, లోపలి పొరను కూడా బాగుచేసి, కొత్త రేకును అంచు పొడవునా వెల్డింగ్ చేసి, ఆపైన లోపల మైనం పిచికారీ చేయాలి. సీటు బెల్టు, సస్పెన్షన్ బిగింపులకు 30 సెంటీమీటర్ల లోపు బలం తగ్గించేంత తుప్పు ఉంటే బ్రిటన్‌లో వాహనాలకు జరిపే వార్షిక భద్రతా పరీక్ష ఎంఓటీలో బండి తప్పుతుంది.

బెల్ట్ గురించిన మాటలో కొంత నిజముంది: తొలి తరం 1.6 లీటర్ల ఇంజనులో బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్లను తాకవు. కానీ బండి ఉన్నట్టుండి రోడ్డు మధ్య ఆగిపోవడం చిన్న విషయం కాదు. పైగా 1991 తొలి నెలల వరకు వచ్చిన 1.6 ఇంజన్లలో, పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు అయిన క్రాంక్‌షాఫ్ట్ ముందు కొస పొట్టిది. బెల్ట్ మార్చినప్పుడు ఆ కొసలోని బోల్టును సరైన టార్క్‌తో, అంటే నిర్ణీత బిగువుతో బిగించకపోతే, కొస మీది చక్రం జారకుండా పట్టి ఉంచే కీ అనే చిన్న లోహపు ముక్క, దాని గాడి అరిగి టైమింగ్ తప్పుతుంది. ఆ చక్రంలో, అంటే పుల్లీలో నాలుగు గాళ్లు ఉంటే అది పొట్టి కొస క్రాంక్; ఎనిమిది ఉంటే తరువాతిది. ఇంజను నడుస్తుండగా పుల్లీ ఊగుతోందేమో చూడటానికి నిమిషం కూడా పట్టదు, కీ గాడి బాగా అరిగిపోతే మాత్రం క్రాంక్‌నే మార్చవలసి రావచ్చు.

ఇక తక్కువ తిరిగిన బండి సంగతి. రబ్బరు కిలోమీటర్లను బట్టే కాదు, ఏళ్లను బట్టి కూడా గట్టిపడుతుంది. కదలకుండా నిలిపి ఉంచిన కారులో బ్రేక్ ప్యాడ్లను నొక్కే వెనుక క్యాలిపర్లు పట్టేస్తాయి, క్లచ్‌ను ద్రవ ఒత్తిడితో కదిపే స్లేవ్ సిలిండర్ సీళ్లు కారుతాయి. స్లేవ్ సిలిండర్ రబ్బరు తొడుగును కాస్త పక్కకు లాగి చూసినప్పుడు తడి కనిపిస్తే దాన్ని మార్చాలి, పెడల్ వైపున ఉండే మాస్టర్ సిలిండర్‌ను కూడా అప్పుడే పరిశీలించాలి. టైరు వయసు దాని పక్కగోడ మీద వారం, సంవత్సరం తెలిపే నాలుగు అంకెల్లో ఉంటుంది. గాడి లోతు ఎంత బాగున్నా ఆ అంకెలు చూడకుండా ధర మాట్లాడవద్దు.