పుర్రెదొర వారికి నువ్వుచేల వాళ్ల విన్నపం

మహారాజశ్రీ అకెరాంషియా స్టిక్స్ అనే రాత్రి తిరిగే రెక్కలపురుగు (మాత్) దొరవారి సముఖానికి,

ఆంధ్రా-ఒడిశా సరిహద్దున పర్లాకిమిడి చుట్టుపక్కల నువ్వుచేల వాళ్లం రాసుకునేది. ఉభయకుశలోపరి అందామంటే కుశలమంతా తమ పక్షానే ఉంది.

పగటివేషాలు చాలా చూశాం గానీ తమ రాత్రివేషం ముందు అవేవీ ఆనవు. వీపున పుర్రెబొమ్మ, పొట్టకు పసుపూ నలుపూ పట్టీలు, ముదురు గోధుమ ముందురెక్కలు, వాటి చాటున పసుప్పచ్చ వెనకరెక్కలు. చాపితే ఇంచుమించు నాలుగంగుళాలు! తీరా చూస్తే ఆ పుర్రె పొలుసుల రంగు. పట్టుకుంటే కీచుమంటారే, అది గొంతులోకి పీల్చి వదిలే గాలి. 1847లో ఒక ఇంగ్లీషాయన తగిలించిన స్టిక్స్ బిరుదు గ్రీకుల వైతరణి పేరు. ఒడిశాలో వైతరణి నిజంగానే పారుతోంది గనక దాన్ని ఆక్షేపించం.

తమ సంతానానిది మరో వేషం. ఆకుపచ్చ ఒళ్లు, ఏటవాలు చారలు, తోకన కొమ్ము. ఆ కొమ్ము కుట్టదు, గరుగ్గా ఉంటుందంతే. నోటికి మాత్రం వేషం లేదు. వేలెడు పురుగు ఒక మొక్కను మోడు చేసి పక్కదాని మీదికి పాకుతుంది. ఆకుల్లో కలిసిపోయి కంటికి ఆనదు గనక ముందు నేల చూడాలి: మిరియాల్లాంటి పెంటికలు పచ్చిగా పడుంటే చినదొర సరిగ్గా పైనే ఉన్నట్టు. పొద్దున్నే ఏరి కిరోసిన్ కలిపిన నీళ్లలో వేస్తే సరి. నాలుగు పురుగులకు చేనంతా మందు కొడితే పూతమీది తేనెటీగలు పోతాయి.

తేనెటీగలంటే తమకూ ప్రాణమేగా! పూలు తాగే తమ చుట్టాలకు తొండం బారెడు. తమది పొట్టిది, మొరటుది, తేనెపట్టులో మైనం పొడిచి తేనె తాగడానికి అనువైనది. పుట్టతేనె ఈగల ఇల్లంటే తమకు అత్తారిల్లు. తమ యూరపు దాయాది ఒంటికైతే ఈగల వాసనే ఉంటుందట. అందుకే తేనెటీగల పెట్టెల గుమ్మాలను ఈగ పట్టేంత సందుకు తగ్గించాం. తమ లావు అందులో దూరదు. మన్నించాలి.

నువ్వుచేను దొరక్కపోతే వంగ, చిక్కుడు, మల్లె. మేం నువ్వులన్నా ఒడియావాళ్లు రాశి అన్నా తమకు ఒకటే విస్తరి. అరేబియా నుంచి జపాను దాకా తిరిగే వారికి మా చెక్‌పోస్టు ఒక లెక్కా?

కోత కాగానే లోతుదుక్కి చేయిస్తున్నాం. పురుగుకూ రెక్కలకూ మధ్య దశలో మట్టిలో నిద్రపోయే ప్యూపాలు పైకి తేలతాయి.

ఇట్లు,
నువ్వుచేల వాళ్లు

నకలు: గోరింకలకు, కొంగలకు, తగు చర్య నిమిత్తం.