సవరణ: గింజ పట్టని బంతి ఏది?

"హైబ్రిడ్ బంతికి గింజ పట్టదు" అని మొన్న రాశాను కదా, కడపలో మా మిద్దె మీది దానికి పట్టిందే అని కొందరు అడిగారు. ఆ మాట అన్నిటికీ కాదు. 24 క్రోమోజోముల ఆఫ్రికన్ బంతిని 48 ఉండే ఫ్రెంచి బంతితో సంకరం చేస్తే 36 ఉన్న మొక్క పుడుతుంది. అంటే 12 చొప్పున మూడు సెట్లు; అవి రెండేసిగా సరిగా జతపడవు, అందుకే గింజ కట్టదు; పూత మాత్రం చాలాకాలం సాగుతుంది. ఆఫ్రికన్ బంతిలోనే రెండు వరసలను కలిపిన ఎఫ్1కు, అంటే మొదటి తరం హైబ్రిడ్‌కు, గింజ నిక్షేపంగా పడుతుంది. కాకపోతే వాటిని చల్లితే ఎత్తు, పువ్వు సైజు ఒక్కలా రావు. దసరా దండలకు పెంచేవాళ్లు ఏటా కొత్త విత్తనం కొనాల్సిందే. పెరట్లోకైతే ఆ కలగాపులగమే నాకిష్టం. అనుమానముంటే ఎండిన పువ్వు చీల్చి, నల్ల పుల్లను గోటితో నొక్కండి. గట్టిగా తగిలితే గింజ, అణిగిపోతే తాలు.