డౌర్ మన ‘దురుసు’ లోంచి పుట్టలేదండీ

వారం నుంచి మా గుంటూరు, బెజవాడ వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఒకటే మెసేజ్. ఇంగ్లీషులో డౌర్ (dour) అనే మాట మన దురుసు లోంచే పోయిందట, 1611లో బందరులో దిగిన ఈస్టిండియా కంపెనీవాళ్ళు పట్టుకెళ్ళారట, అందుకే కోపిష్టి అని అర్థమట, సవర్ (sour, పులుపు) లాగే పలకాలట. బ్రాడీపేటలో నా దగ్గర బ్యాంక్ పరీక్షలకి చదివే అమ్మాయి నిన్న దీన్నే నోట్సులో ఎర్ర పెన్నుతో రాసుకొచ్చింది, ఈజీగా గుర్తుంటుంది మేడమ్ అని. ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

ముందు తేదీలు చూడండి. ఇంగ్లీషోళ్ళు బందరులో వ్యాపారం మొదలెట్టింది 1611లోనే, అది నిజం. కానీ ఈ మాట స్కాట్లాండులో, ఇంగ్లాండు ఉత్తరాన 14వ శతాబ్దం నుంచే ఉంది, కంపెనీ పుట్టిందే 1600లో. రెండొందల ఏళ్ళ ముందే అక్కడున్న మాటని ఇక్కణ్ణుంచి ఓడెక్కించడం ఎలా కుదురుతుంది?

దీని మూలం లాటిన్ దూరుస్ అయ్యుంటుందని ఎక్కువమంది అంటారు, అంటే గట్టిది అని. ఎండ్యూర్, డ్యూరబుల్ దాని చుట్టాలే. కొందరు పండితులు ఆ దూరుస్‌ని చెట్టు, కొయ్య అనే అర్థమున్న ఇంకా పాత మూలానికి కలుపుతారు, ఇంగ్లీషు ట్రీ, సంస్కృతం దారు వచ్చింది అందులోంచే, మన దేవదారులో ఉన్న దారు అదే.

అసలు నాకు బాధేసింది అర్థం దగ్గర. దురుసు మనిషి నోరు జారతాడు, డౌర్ మనిషి నోరే విప్పడు. మా పెదనాన్నగారు అంతే, టెన్త్ మార్కుల కాగితం చేతిలో పెడితే రెండు వైపులా చూసి, మడిచి, ‘ఊ’ అని తిరిగిచ్చేశారు, జీవితంలో ఒక్కర్ని తిట్టి ఎరగరు, నవ్వగా మేం చూసిందీ లేదు. అది డౌర్. పక్కింటి బాబాయ్ అరగంటకోసారి ఇంతెత్తున లేచి పది నిమిషాలకల్లా మళ్ళీ కాఫీకి పిలిచేవాడు, అది దురుసు. పైగా డౌర్‌లో మొండితనం కూడా ఉంది, క్రికెట్లో పొద్దస్తమానం క్రీజులో పాతుకుపోయి ఒక్క షాట్ కొట్టకుండా ఆడితే డౌర్ ఇన్నింగ్స్ అంటారు, అందులో కోపమేముంది?

పలకడం సంగతికొస్తే, సవర్‌తో ప్రాస కుదిరేలా పలికితే తప్పేం కాదు, డిక్షనరీలు రెండూ ఇస్తాయి, కానీ పాత పలుకు టూర్‌తో కలిసేదే. ఇంగ్లాండులో దీర్ఘం ఊ కాస్తా ఔ అయిపోయింది, స్కాట్లాండువాళ్ళ స్కాట్స్ భాషలో అలాగే నిలిచింది, హౌస్‌ని వాళ్ళు హూస్ అంటారు చూడండి, అలా.

ఇంగ్లీషుకి తెలుగు ఇచ్చిన మాట కావాలంటే బ్యాండికూట్ ఉంది, అది నిజంగా మన పందికొక్కే, దాన్ని ఫార్వర్డ్ చేసుకోండి.

ఆ అమ్మాయి చేత దురుసు కొట్టేయించి ‘కొరకరాని కొయ్య’ అని రాయించా, మీ ఇంట్లో అలాంటివాళ్ళెవరున్నారమ్మా అంటే ఆలోచించకుండా మా తాతయ్య అంది.