ఎడ్జ్ తగిలింది, మన్నించాలి

ప్రాంతీయ స్థాయి యువ టేబుల్ టెన్నిస్ పోటీలను మనం ఇన్నాళ్లూ ఉత్త ఆట అనుకున్నాం. చాలా అన్యాయం చేశాం. అండర్-11 నుంచి అండర్-19 దాకా, పెద్దయ్యాక ఈ లోకంలో ఎలా నెగ్గుకురావాలో పిల్లలకు ఒకే హాల్లో నేర్పిపెట్టే ఏర్పాటు మరొకటి లేదు. దీన్ని క్రీడల్లోంచి తీసేసి పౌరనీతి పాఠాల్లో చేర్చాలని నా విన్నపం.

ముఖ్యంగా క్షమాపణ. బంతి నెట్టుకు తగిలి అవతల చచ్చినట్టు పడినా, బల్ల అంచును గీరుకుని జారిపోయినా, పాయింటు వచ్చినవాళ్లు చెయ్యెత్తి మన్నించమన్నట్టు సైగ చేయాలి. ఏ రూలూ చెప్పకపోయినా అందరూ పాటించే మర్యాద ఇది. స్కోరు 10-9 మీద ఉండగా ఒక పాప కొట్టిన బంతి ఎడ్జ్ తగిలి నేలకు దూకిందనుకోండి. గేమ్ అయిపోయింది. ఎడమ చెయ్యి తీరని విచారంతో పైకి లేస్తుంది. బ్యాటు పట్టిన కుడి చెయ్యి మాత్రం బల్ల చాటున సంబరంగా ఊగుతూ ఉంటుంది. పాయింటు వెనక్కిచ్చే ప్రసక్తి లేదు. ఈ విద్య ఒంటబట్టాక ఆ పాప జీవితంలో ఎక్కడికైనా వెళ్లగలదు.

ఇక న్యాయవ్యవస్థ. బంతి బల్ల పై అంచుకు తగిలితే లెక్కలోకి వస్తుంది, దాని కింద పక్కకు తగిలితే రాదు. 40 మిల్లీమీటర్ల బంతి, బరువు 2.7 గ్రాములు. అది రెప్పపాటులో ఎక్కడ ముద్దుపెట్టుకుపోయిందో తేల్చాల్సిందెవరు? చాలా పోటీల్లో తొలి రౌండ్లలో, అదే బల్ల మీద ఇప్పుడే ఓడిపోయిన పిల్లాడు. కళ్లు తుడుచుకోవడానికి కూడా టైమివ్వకుండా చేతిలో స్కోరు బోర్డు పెట్టి కూర్చోబెడతారు. ఎవరు గెలిచినా వాడికి ఒరిగేదేం లేదు కాబట్టి వాడంత నిష్పాక్షికమైన జడ్జి దొరకడు. "సైడ్" అని వాడు నోరు తెరిచీ తెరవకముందే నలభై ఏళ్ల పెద్దమనిషి రెయిలింగ్ మీదుగా వంగి, "సరిగ్గా చూశావా బాబూ?" అంటాడు. ఆ 'బాబూ'లో ప్రేమ తప్ప అన్నీ ఉంటాయి.

సర్వీస్‌లో బంతి అరచేతి నుంచి కనీసం 16 సెంటీమీటర్లు పైకి లేవాలని రూలు. స్కేలు ఎవరి దగ్గరా ఉండదు. అయినా ఓడిపోతున్నవాడి కంటికి అవతలివాడి బంతి ఎప్పుడూ 12 దగ్గరే ఆగిపోతుంది.

కోచ్‌ల విషయంలో మాత్రం ఒక గొప్ప కళ అంతరించింది. 2016 దాకా గేముల మధ్య విరామంలోనో, నిమిషం పాటు దొరికే టైమ్‌ఔట్‌లోనో తప్ప సలహా చెప్పకూడదు. అందుకని దగ్గడం, చెవి గోక్కోవడం, ఉన్నట్టుండి బూటు లేసు కట్టుకోవడం వంటి పద్ధతుల్లో బోధన సాగేది. ఆ ఏడాది రూలు మార్చి, ర్యాలీ నడవనప్పుడు ఎప్పుడైనా చెప్పవచ్చన్నారు. అయితే వ్యక్తిగత పోటీల్లో ఒక ఆటగాడికి ఒకే సలహాదారు. కాబట్టి గ్యాలరీలోని తల్లిదండ్రులు ఆ ప్రాచీన కళను ఇప్పటికీ బతికిస్తున్నారు. ప్రతి పాయింటుకీ ఒకాయనకు దగ్గొస్తుంది. ఇంకొకావిడకు కళ్లతోనే బ్యాక్‌హ్యాండ్ ఆడటం వచ్చు. పాపం పిల్లాడు, కోచ్ మాట వినాలో నాన్న దగ్గు వినాలో తేల్చుకోలేక బంతిని నెట్టులో కొడతాడు. తర్వాత ఇంటిదాకా విశ్లేషణ.

ఎంత మొండిపట్టుకైనా ఈ ఆటలో మందుంది. 1936లో ప్రాగ్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో ఒకే ఒక్క పాయింటు రెండు గంటలు దాటి సాగింది. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు. అలాంటివాళ్ల కోసమే ఎక్స్‌పిడైట్ పద్ధతి పుట్టింది. గేమ్ 10 నిమిషాలైనా తెమలక, ఇద్దరి పాయింట్లూ కలిపి 18కి చేరకపోతే, అక్కడి నుంచి ఒక్కో సర్వీస్ చొప్పున మార్చుకోవాలి. అందుకునేవాడు 13 సార్లు సరిగ్గా తిప్పికొడితే పాయింటు వాడిదే. ఓపికను ఇంత చక్కగా లెక్కగట్టిన చట్టం ఇంకెక్కడా లేదు.

దీన్ని వెంటనే గ్యాలరీకి కూడా వర్తింపజేయాలి. ఎడ్జా, సైడా అనే గొడవ 10 నిమిషాల్లో తేలకపోతే అంపైర్ పిల్లాడు లేచి, మాటలు లెక్కపెట్టాలి. 13 సార్లు మర్యాదగా బదులిచ్చిన తండ్రిదే పాయింటు. కాకపోతే ఒక చిక్కుంది. అక్కడ అందరూ సర్వీసే చేస్తారు, అందుకునేవాడు ఒక్కడూ ఉండడు.