పక్క మంచం లేని గది

పొట్ట ఆపరేషన్‌ అయిన మర్నాడు దగ్గు వస్తే ప్రాణం పోయినంత పనవుతుంది. దిండును పొట్టకు అదిమిపట్టుకుని దగ్గితే కుట్లు అంతగా లాగవని చేసి చూపించేది చాలాసార్లు పక్క మంచం మనిషే. చీటీలో రాయని ఇలాంటి సంగతులు వార్డులో ఒకరి నుంచి ఒకరికి అందుతుంటాయి. విడి గదిలో పడుకున్న రోగికి ఆ పక్క మంచమే కరువు. ఫోనో, మంచానికి బిగించిన ట్యాబో ఒక రోగిని మరో రోగితో మాట్లాడించి ఆ లోటు తీర్చాలన్న ఆలోచనను మేం స్వాగతిస్తున్నాం. అయితే మామూలు చాటింగ్‌ యాప్‌కు ఆస్పత్రి రంగు వేసి ఇచ్చేస్తే చాలదు.

రోగికి రోగి తోడు కావడం కొత్తేమీ కాదు. 1905లోనే బోస్టన్‌లో డాక్టర్‌ జోసెఫ్‌ ప్రాట్‌ పేద క్షయరోగులను వారం వారం ఒకచోట కూర్చోబెట్టారు. విశ్రాంతి, పరిశుభ్రత గురించి చెప్పడానికి పెట్టిన ఆ తరగతిలో రోగులు ఒకరిని చూసి ఒకరు ధైర్యం తెచ్చుకున్నారు. 2004లో పుట్టిన ‘పేషెంట్స్‌లైక్‌మీ’ అనే రోగుల వెబ్‌సైట్‌ అదే పనిని ఇంటర్నెట్‌కెక్కించింది. నరాలు దెబ్బతిని కండరాలు క్రమంగా చచ్చుబడే ఏఎల్‌ఎస్‌ జబ్బును లిథియం అనే మందు నెమ్మదింపజేస్తుందని ఒక చిన్న అధ్యయనం చెబితే, అక్కడి రోగులు కొందరు వాడి చూసి తమ స్థితిని ఎప్పటికప్పుడు నమోదు చేశారు. ఫలితం లేదని ఆ లెక్కల మీద 2011లో వెలువడిన విశ్లేషణ చెప్పింది. ఆశకొద్దీ మందు మింగినవారే దాని గుట్టూ తేల్చారు.

కానీ వాళ్ళు ఏళ్ళ తరబడి జబ్బుతో కాపురం చేస్తున్నవాళ్ళు. ఆస్పత్రిలో చాలామంది ఉండేది నాలుగు రోజులు. ఒక చేతికి సెలైన్‌, మందుల మత్తు, కన్ను మూతపడేసరికి ఎవరో వచ్చి లేపడం. అటువంటి మనిషిని ప్రొఫైల్‌ నింపమనడం అన్యాయం కాదా? ఒక్క బొటనవేలితో పని కావాలి, అదీ కుదరకపోతే నోటిమాటతో. ఇదే ఆపరేషన్‌ రెండు రోజుల ముందు చేయించుకున్నవారు ఒక్కరు దొరికితే చాలు. పేరు చెప్పాలా వద్దా అన్నది రోగి ఇష్టం. మందు మోతాదు ప్రస్తావన వస్తే నర్సును పిలిచే మీట అక్కడే కనిపించాలి. అలాగని డాక్టర్లు చాటుగా చదువుతున్నారన్న అనుమానం కలిగిందా, ‘ఇక్కడ నొప్పి అంటే పట్టించుకోరు’ అని ఎవరూ రాయరు. యాజమాన్యం వినాల్సింది మాత్రం ఆ మాటే.

ఇంకో చిక్కుంది. రాత్రి ‘నిద్ర పట్టిందా’ అని అడిగిన మనిషి తెల్లారాక పలకరు. ఇంటికి వెళ్ళారా, ఐసీయూకి మార్చారా, ఇక లేరా? గోప్యత అడ్డొచ్చి ఆస్పత్రి చెప్పదు. ఉమ్మడి వార్డులోనైతే ఖాళీ మంచమైనా కనిపిస్తుంది. చేరిన రోజునే, ఓపిక ఉండగానే, రోగిని ఒక మాట అడిగి పెట్టుకోవాలి: మీరు వెళ్ళాక అవతలివారికి ఏం చెప్పమంటారు?