మా అమ్మ గంట కొట్టింది చక్రాల కోసం కాదు

"మన ఆచారాల వెనుక దాగిన సైన్స్: విదేశీయులకు ఇప్పుడిప్పుడే తెలుస్తున్న పది రహస్యాలు" అన్న మెసేజ్ నాకు పంపినవాళ్లందరికీ కలిపి ఇదే జవాబు. బంధువుల గ్రూపులో వచ్చింది, పాత క్లాస్‌మేట్ల గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో నీళ్ల ట్యాంకర్‌కీ మెయింటెనెన్స్ బాకీలకీ మధ్యలో కూడా వచ్చింది. గ్రహణం దగ్గరపడితే చాలు, మళ్లీ మొదలు. చివర్లో "నిజమైన హిందువైతే పదిమందికి పంపండి" అని ఒక బెదిరింపు. నేను ఎవరికీ పంపలేదు. పూజ మాత్రం రోజూ చేసుకుంటాను.

చిన్నవి ముందు తేల్చేద్దాం. నమస్కారం పెడితే వేళ్ల కొసల్లోని నాడులు నొక్కుకుని ఎదుటివాళ్లు చాలాకాలం గుర్తుంటారట. పెళ్లి గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్లందరికీ నమస్కారం పెట్టిన పెళ్లికూతురి తండ్రిని, వారం తర్వాత ఎవరెవరొచ్చారో అడిగి చూడండి. మెట్టెలు పెట్టే వేలి నుంచి గర్భసంచికి నేరుగా ఒక నరం ఉందట. లేదు. తులసి రాత్రింబవళ్లు ఓజోన్ వదులుతుందట. వదలదు. వదిలితే తులసికోట చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లకి దగ్గు పట్టుకుంటుంది. ఓజోన్ ఆకాశంలో పైనెక్కడో ఉంటేనే మనకు మేలు.

గంట సంగతి అంత తేలిగ్గా వదలలేను. గుడి గంట మోత ఏడు సెకన్లు నిలిచి ఒంట్లోని ఏడు చక్రాల్నీ తాకుతుందట. స్టాప్‌వాచ్ పట్టుకుని కొలిచింది ఎవరో! అసలు గంట ఎందుకు కొడతామో మన పూజా పుస్తకాల్లోనే రాసి ఉంది: "ఆగమార్థం తు దేవానాం, గమనార్థం తు రాక్షసాం". దేవతలు రావాలి, రాక్షసులు పోవాలి. అంతే. మా అమ్మ ఆ శ్లోకం చదివే గంట కొట్టేది. ఆమెకి నిజంగానే ఎవరో వస్తున్నారు. ముందే పీట తుడిచి పెట్టేది, కొంగు సర్దుకునేది, మేం గట్టిగా మాట్లాడుతుంటే కళ్లతోనే నోరు మూయించేది. ఇంటికి పెద్దవాళ్లొచ్చినప్పటి హడావిడి అంతా అందులో ఉండేది. మీ మెసేజ్ ఆ రావాల్సిన దేవుణ్ణి పక్కకు నెట్టేసి గంటను ఫిజియోథెరపీ సామాను చేసింది. నాస్తికుడు కూడా ఇంత పని చేయడు. ఆయన దేవుడు లేడంటాడు గానీ, దేవుణ్ణి వాయిద్యాల లెక్కలో కలపడు.

ఉత్తరం వైపు తల పెట్టి పడుకుంటే భూమి అయస్కాంతం రక్తంలోని ఇనుమును మెదడులోకి లాగుతుందన్నది ఐదో రహస్యం. ఇది నాకు పంపిన బాబాయి మొన్నీమధ్యే నడుంనొప్పికి ఎమ్మారై తీయించుకున్నారు. ఆస్పత్రుల్లో ఉండే మామూలు 1.5 టెస్లా యంత్రం బలం భూమి అయస్కాంత బలానికి దాదాపు 30 వేల రెట్లు. అందులో పడుకుని, లేచి, బయటికొచ్చి, దోసె తిని, ఈ మెసేజ్ ఫార్వర్డ్ చేశారు. రక్తంలోని ఇనుము హిమోగ్లోబిన్‌లో ఇమిడిపోయి ఉంటుంది, అది మేకులాగా అయస్కాంతానికి అతుక్కోదు. ఆక్సిజన్ మోస్తున్న హిమోగ్లోబిన్‌ను అయితే అయస్కాంతం ఇసుమంత దూరంగానే నెడుతుంది. నేనూ ఉత్తరానికి తల పెట్టను. వినాయకుడి కథ నానమ్మ చెప్పిన పద్ధతిలో, ఉత్తరానికి తల పెట్టి పడుకున్న ఏనుగు గతి ఏమైందో నాకు గుర్తుంది, అందుకు.

నదిలో నాణేలు వేస్తే రాగి నీటిని శుద్ధి చేస్తుందట. రాగి చెంబులో రాత్రంతా ఉంచిన నీళ్లలో బ్యాక్టీరియా తగ్గే మాట నిజమే, ఒప్పుకుంటాను. కానీ రాజమండ్రి వంతెన మీద రైలు కిటికీలోంచి మీరు విసిరే రూపాయి స్టెయిన్‌లెస్ స్టీలు. కింద ఉన్నది చెంబు కాదు, గోదావరి. గోదారి తల్లికి దణ్ణం పెట్టి రూపాయి వేశానని చెప్పుకోవడానికి సిగ్గెందుకు మీకు?

ఇక ఏడోది. ఇదొక్కటీ లేకపోతే నేను మిగతా తొమ్మిదీ చూసి నవ్వుకుని ఊరుకునేదాన్ని. "గ్రహణ సమయంలో వచ్చే విషకిరణాలు గర్భస్థ శిశువు కణాల్ని దెబ్బతీస్తాయని సైంటిస్టులు నిర్ధారించారు. గర్భిణులు చీకటి గదిలో కదలకుండా పడుకోవాలి. మంచినీళ్లు కూడా ముట్టకూడదు. కత్తి, సూది పట్టకూడదు. లేదంటే బిడ్డ గ్రహణం మొర్రితో పుడుతుంది."

ఏ సైంటిస్టులు? ఏ ఊళ్లో? పేరు చెప్పరు. నేను చెప్తాను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మన గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వర్ణపటాన్ని అక్కడే పరిశీలించాడు. హీలియం కనుక్కున్న కథ మొదలైంది ఆ గ్రహణంతోనే. 1980 ఫిబ్రవరి 16న జనం తలుపులేసుకుని ఇళ్లల్లో కూర్చుంటే, జపాల్-రంగాపూర్ వేధశాలలో ఉస్మానియా వాళ్లు టెలిస్కోపులు పెట్టుకుని కూర్చున్నారు. గ్రహణాల్లో కొత్త విషమేదైనా ఉంటే అందరికంటే ముందు తెలియాల్సింది వీళ్లకి. ఇంకా పాత సాక్ష్యం కావాలా? చంద్రుణ్ణి కప్పేది భూమి నీడ, సూర్యుణ్ణి కప్పేది చంద్రుడు అని ఆర్యభటుడు క్రీ.శ. 499లోనే రాసిపెట్టాడు. మన పూర్వీకుల సైన్స్ అని గుండెలు బాదుకునే మెసేజ్‌లో ఆర్యభటుడి పేరు మాత్రం లేదు. ఉంటే ఏడో పాయింట్ రాయడం కుదరదు.

గ్రహణం వల్ల ప్రమాదం కళ్లకి, సూర్యుణ్ణి నేరుగా చూస్తే. ఆ విషయంలో గర్భిణికీ బ్రహ్మచారికీ తేడా లేదు. చంద్రగ్రహణంలో అదీ లేదు.

మొర్రి సంగతికి వద్దాం. కడుపులో బిడ్డ పెదవి కలుసుకునేది గర్భం నాలుగో వారానికీ ఏడో వారానికీ మధ్య. అంగిలి ఆరు నుంచి తొమ్మిది వారాల్లో. చాలామందికి నెల తప్పిన సంగతి అర్థమయ్యేదే అప్పుడు. మీరు చీకటి గదిలో పడుకోబెట్టేది ఏడో నెల, ఎనిమిదో నెల అమ్మాయిని. అప్పటికి ఆ పెదవి కలుసుకుని ఎన్నో నెలలై ఉంటుంది, లేదా కలవకుండానే ఉండిపోయి ఉంటుంది. సొరకాయ తరిగినంత మాత్రాన కలిసిన పెదవి విడిపోదు. జన్యువులు, పొగతాగడం, గర్భానికి ముందే ఉన్న షుగరు, మూర్ఛకు వాడే కొన్ని మందులు: డాక్టర్లు అడిగేది వీటి గురించి. రాహువు గురించి అడగరు.

ఇప్పుడు మీరు పెట్టే నియమం ఏం చేస్తుందో చూడండి. 2025 సెప్టెంబరు 7 రాత్రి చంద్రగ్రహణం మూడున్నర గంటలే. దానికి ముందు తొమ్మిది గంటల సూతకం కలపండి. నిండు నెలల మనిషిని అంతసేపు అన్నం నీళ్లు లేకుండా ఉంచితే కళ్లు తిరుగుతాయి, ఒళ్లు తూలుతుంది. షుగరు ఉన్న గర్భిణి అయితే ఇంకా ప్రమాదం. మీరు మహా నిష్ఠగా చెప్పుకునే శాస్త్రమే పిల్లలకీ వృద్ధులకీ రోగులకీ సడలింపు ఇస్తుంది. వాట్సాప్ శాస్త్రానికి ఆపాటి దయ కూడా లేదు.

మా దగ్గరి బంధువుల్లో ఒకమ్మాయికి మొర్రితో బాబు పుట్టాడు. చూడ్డానికి వచ్చినవాళ్లలో ఒక్కరూ బాబు పాలు తాగుతున్నాడా అని అడగలేదు. అందరిదీ ఒకటే ప్రశ్న: "గ్రహణం రోజు ఏం చేశావమ్మా?" ఆ పిల్ల నిజంగానే గుర్తు తెచ్చుకోవడం మొదలుపెట్టింది. ఆరోజు కూర తరిగానా, జాకెట్‌కి హుక్ కుట్టుకున్నానా, బాల్కనీలో బట్టలు తీయడానికి వెళ్లానా అని. డిగ్రీ చదువుకున్న పిల్ల. వాళ్లత్తగారు అయితే అడగను కూడా అడగలేదు, నేరుగా తీర్పు చెప్పేశారు. మొర్రి ఉన్న పసిబిడ్డకి పాలు పట్టడం కష్టం. ఎలా ఎత్తి పట్టుకోవాలో, ఎలాంటి సీసా వాడాలో తెలిసినవాళ్లు పక్కన ఉండి చూపించాలి. పెదవి ఆపరేషన్ మొదటి ఏడాదిలోనే చేయించుకోవచ్చు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో చూసే పుట్టుక లోపాల్లో ఇదీ ఉంది, చికిత్స ఉచితం. ఈ నాలుగు ముక్కలు చెప్పాల్సిన నోళ్లన్నీ ఆ అమ్మాయి చేత తప్పు ఒప్పించే పనిలో ఉన్నాయి. ఈ మెసేజ్ పంపేముందు ఒక్కసారి ఆ పిల్ల ఫోన్‌కి కూడా ఇది వెళ్తుందని ఆలోచించారా?

కిరణాల వాదం మన గుళ్ల ముందే నిలబడదు. గ్రహణానికి తిరుమలలో తలుపులు మూస్తారు. అక్కడికి దగ్గర్లోనే ఉన్న శ్రీకాళహస్తిలో తెరిచే ఉంచి అభిషేకాలు చేస్తారు. విషకిరణాలు తిరుమల కొండ మీద పడి, స్వర్ణముఖి ఒడ్డున పడకుండా ఆగిపోతాయా? కాళహస్తి రాహుకేతు క్షేత్రం, అందుకే తెరుస్తారు. ఆ కారణం భక్తుడికి చాలు. మా అత్తగారు పట్టు స్నానం చేసి, విడిచేదాకా జపం చేసుకుని, మళ్లీ విడుపు స్నానం చేస్తారు. ఆ వేళ చేసిన జపానికి ఫలం ఎక్కువని ఆమె నమ్మకం. ఎవరినీ చీకటి గదిలో పెట్టరు. నేను కడుపుతో ఉన్నప్పుడు వచ్చిన గ్రహణానికి, "నువ్వు తిని పడుకోమ్మా, నీ బదులు కూడా నేనే చేస్తాలే" అన్నారు. అది నమ్మకం.

ఎనిమిదోది దర్భ. పచ్చడి జాడీ మీద వేస్తే నానో స్థాయిలో రేడియేషన్ ఆగుతుందట. మరి ఎక్స్‌రే గదులకి సీసం పలకలు ఎందుకు, ఒక కట్ట దర్భ కట్టేస్తే పోయేది! పనిలో పనిగా, పళ్లెంలో రోకలి నిలబడితే గ్రహణం పట్టినట్టే అని కూడా రాశారు. అడుగు చదునుగా ఉన్న రోకలి మామూలు మంగళవారం కూడా నిలబడుతుంది.

తొమ్మిదో పాయింట్ దగ్గర మాత్రం నేను తడబడ్డాను. చిదంబరం, కంచి, కాళహస్తి ఒకే రేఖాంశం మీద ఉన్నాయని రాశారు. ఇదీ కోతే అనుకుని మ్యాప్ తీశాను. నిజమే! మూడూ 79.69, 79.70 డిగ్రీల దగ్గరే ఉన్నాయి. పైనుంచి కిందికి దాదాపు 260 కిలోమీటర్ల పొడవున, తూర్పు పడమరల తేడా కిలోమీటరు లోపే. నోరెళ్లబెట్టాను. మీరు ఇక్కడితో ఆపి ఉంటే నేనే పదిమందికి పంపేదాన్ని. ఆపలేదు. పంచభూతాల పేరిట ఉన్న శివక్షేత్రాలు ఐదూ ఆ గీత మీదే అన్నారు. అరుణాచలం దానికి 60 కిలోమీటర్లకు పైగా పడమర, జంబుకేశ్వరం 100 కిలోమీటర్లకు పైగా. అదీ చాలక, నటరాజు బొటనవేలి కింద "ప్రపంచ అయస్కాంత భూమధ్యరేఖ కేంద్రం" ఉందన్నారు. రేఖకి కేంద్రం ఏమిటో!

అయస్కాంత భూమధ్యరేఖ అంటే దిక్సూచి ముల్లు పైకీ కిందికీ వంగకుండా సమంగా నిలిచే చోట్లను కలిపే గీత. దానికోసం మన దేశంలో వెతికినవాళ్లు నిజంగానే ఉన్నారు. వాళ్లకి అది కేరళలో తుంబా దగ్గర దొరికింది. అక్కడ ఉన్నది జాలరుల సెయింట్ మేరీ మాగ్దలీన్ చర్చి. రాకెట్ కేంద్రానికి ఆ చోటు కావాలని విక్రమ్ సారాభాయ్ వెళ్లి అడిగితే, బిషప్ పీటర్ బెర్నార్డ్ పెరీరా ఆ మాట తన జనం ముందు పెట్టాడు. వాళ్లు గుడినీ గుడిసెల్నీ ఖాళీ చేసి ఇచ్చారు. 1963 నవంబరు 21న అక్కడి నుంచే మొదటి రాకెట్ లేచింది. మా చర్చి కింద అయస్కాంత రహస్యం ఉందని వాళ్లెవరూ మెసేజ్ పెట్టలేదు. వాళ్ల దగ్గర నిజంగానే ఉంది కూడా.

పదోది, ఏకాదశి ఉపవాసానికి నోబెల్ వచ్చిందట. 2016లో నోబెల్ వచ్చింది జపాన్‌కు చెందిన యోషినోరి ఓసుమికి. పోషకాలు అందని కణం తనలోని భాగాల్నే విరిచి ఎలా వాడుకుంటుందో ఆయన ఈస్ట్ మీద పరిశోధించాడు, బ్రెడ్డు పొంగడానికి వేసే ఈస్టే. ఆ ఈస్ట్ ఏకాదశి ఉందని ఎక్కడా లేదు. ఆఫీసులో నా స్నేహితురాలికి రంజాన్ నెలలో ఇదే మెసేజ్ వచ్చింది. అదే ఫోటో, ఏకాదశి ఉన్నచోట రోజా. ఇద్దరం పక్కపక్కన ఫోన్లు పెట్టి చూసుకుని నవ్వుకున్నాం. ఏకాదశి వ్రతం పట్టిన అంబరీష మహారాజు గుర్తున్నాడా? ద్వాదశి గడియలు దాటిపోతున్నాయి, దుర్వాసుడు ఏటి నుంచి ఇంకా రాలేదు. పారణ చేయకపోతే వ్రతం చెడుతుంది, చేస్తే అతిథికి అవమానం. ఆయన పడ్డ టెన్షన్ అదీ. చివరికి కాసిని నీళ్లు తాగాడు. కణాలు శుభ్రపడ్డాయా లేదా అని ఆయన చూసుకోలేదు. నేను ఏకాదశి ఉంటాను. సాయంత్రానికి తలనొప్పి వస్తుంది, మర్నాడు పొద్దున తులసి తీర్థం తీసుకున్నాక తినే పెసరపప్పు అమృతంలా ఉంటుంది. నా లాభం అంతవరకే, నాకది చాలు.

2027 ఆగస్టు 2న సూర్యగ్రహణం ఉంది, మన దేశంలో పాక్షికంగా కనిపిస్తుంది. జూలై ఆఖరుకల్లా మీరు మళ్లీ ఇదే పంపుతారని నాకు తెలుసు. పంపండి, కానీ ఏడో పాయింట్ తీసేసి పంపండి. మిగతా తొమ్మిదింటికీ నాకేం అభ్యంతరం లేదు. రోకలి కూడా నిలబెట్టుకోండి.