జీఐ పైపు మెరిస్తేనే మంచిదా? ఆ వీడియో మాట నమ్మకండి

బోరుకో ఇంటికో జీఐ పైపులు, అంటే తుప్పు పట్టకుండా జింక్ పూత వేసిన ఇనుప పైపులు, కొనేవాళ్లకు సలహాలంటూ ఒక వీడియో వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. వెండిలా మెరిస్తేనే అసలు జీఐ, బూడిద రంగుంటే సెకండ్స్ (నాసిరకం సరుకు), తెల్ల పొడి కనిపిస్తే జింక్ పోయినట్టే, గరుకుగా ఉంటే కోటింగ్ మందంగా పడినట్టు, జింక్ అంటని మచ్చలుంటే సిల్వర్ పెయింట్ కొడితే చాలు అని అందులో చెప్తారు. గాల్వనైజింగ్ షెడ్డులో కొన్నేళ్లు క్వాలిటీ చూసినవాణ్ని, ఇది విని ఊరుకోలేకపోతున్నాను. దీన్ని నమ్మిన రైతు మంచి పైపు వదిలేసి పనికిరానిది మోసుకెళ్తాడు.

ముందు రంగు సంగతి. యాసిడ్‌లో కడిగి, జింక్ బాగా అంటేలా ఫ్లక్స్ అనే రసాయనం పట్టించి, 450 డిగ్రీల దగ్గర కరిగి ఉన్న జింక్‌లో పైపును ముంచినప్పుడు జింక్ పెయింట్‌లా పైన అంటుకుని ఊరుకోదు, ఇనుముతో కలిసి పొరలు పొరలుగా కడుతుంది. ఉక్కులో సిలికాన్ 0.04 నుంచి 0.12 శాతం మధ్య ఉంటే ఆ మిశ్రమం ఆగకుండా పైదాకా పెరిగిపోతుంది, మెరిసే పొర మిగలదు, అందుకే బూడిద రంగు. ఇలాంటి పైపుకు కోటింగ్ మామూలు కంటే మందంగానే ఉంటుంది. మరీ మందమైతే పైపు చివర మరలు కోసేటప్పుడు పెచ్చులూడుతుంది, అది చూసుకోవాల్సిందే, కానీ రంగు చూసి వద్దనకండి.

అసలు మోసం మెరుపులోనే ఉంది! జీపీ పైపని ఇంకోటి వస్తుంది, ముందే జింక్ పూసిన షీటును చుట్టి వెల్డింగ్ చేస్తారు. చూడ్డానికి అద్దంలా ఉంటుంది. 120 గ్రేడ్ షీటంటే రెండు వైపులా కలిపి చదరపు మీటరుకు 120 గ్రాములు, అంటే ఒక్కో వైపు జింక్ మందం 8 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటి కాస్త. ముంచిన జీఐ పైపుకు మామూలుగా 50 మైక్రాన్ల పైమాటే. పైగా వెల్డింగ్ వేడికి అతుకు దగ్గర జింక్ కాలిపోతుంది. బయట మళ్లీ జింక్ కొడతారు గానీ లోపల చాలాసార్లు అలాగే వదిలేస్తారు. షాపులో ఫోన్ లైటు వేసి పైపు లోపలికి చూడండి, అతుకు వెంట నల్లటి గీతో ఎర్రటి తుప్పో బారుగా కనిపిస్తే దాన్ని బోరులోకి దించొద్దు.

తెల్ల పొడి విషయానికొస్తే, కట్ట మీద వాన పడి, గాలి ఆడక, పైపుకూ పైపుకూ మధ్య నీళ్లు నిలిస్తే వచ్చేదది. నైలాన్ బ్రష్‌తో రుద్దండి. కింద బూడిద రంగు జింక్ తేలితే పైపుకేం కాలేదు, ఆరబెట్టి గాలి తగిలేలా పెడితే సరిపోతుంది. నల్లగా గుంటలు పడినా, ఎర్రగా కనిపించినా వెనక్కిచ్చేయండి.

గరుకు మందానికి గుర్తు కాదు. జింక్ బాత్ (కరిగిన జింక్ ఉండే తొట్టి) అడుగున డ్రాస్ అనే ఇనుము కలిసిన మడ్డి పేరుకుంటుంది, దాన్ని కదిలిస్తే పైకి లేచి పైపు మీద మొటిమల్లా అంటుకుంటుంది. మందం తెలియాలంటే గేజ్ పెట్టి కొలవాల్సిందే.

ఇక సిల్వర్ పెయింట్. అది అల్యూమినియం పెయింటు, మచ్చను కప్పుతుంది గానీ తుప్పును ఆపదు. గోరంత మచ్చ ఒకటో రెండో ఉంటే జింక్ ఎక్కువగా ఉండే రిపేర్ పెయింటు వేయొచ్చు. పైపు పొడవునా మచ్చలుంటే మాత్రం ముంచకముందే నూనె, తుప్పు సరిగా వదల్లేదని అర్థం. అలాంటి పైపును మేం పెయింటుతో సరిపెట్టేవాళ్లం కాదు, పాత జింక్ మొత్తం యాసిడ్‌లో తీసేసి మళ్లీ ముంచేవాళ్లం.